కనిపెట్టుకుని ఉండే ఇల్లు: వృద్ధుల దైనందిన జీవితంలో కృత్రిమ మేధ

జపాన్‌కు చెందిన జోజిరుషి సంస్థ 2001లో ఒక విద్యుత్ కెటిల్‌ను అందుబాటులోకి తెచ్చింది. చూడడానికి అది నీళ్లు మరిగించే మామూలు పాత్రే. అయితే దాని లోపల ఒక చిన్న రేడియో పరికరం ఉంటుంది. ఒంటరిగా నివసించే వృద్ధులు టీ కోసం కెటిల్‌ను ఏయే వేళల్లో వాడారన్న సమాచారం ఆ పరికరం ద్వారా సంస్థకు చేరుతుంది. అక్కడి నుంచి రోజుకు రెండుసార్లు, వేరే ఊళ్లో ఉన్న పిల్లలకు ఈమెయిల్ వెళ్తుంది. కెమెరా లేదు, మైకు లేదు. అమ్మ లేచింది, టీ పెట్టుకుంది అన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

ఆ తర్వాతి కాలంలో ‘స్మార్ట్ హోమ్’ అనే మాట కింద ఎన్నో పరికరాలు వచ్చాయి. మాట చెబితే వెలిగే దీపాలు, మనిషి వచ్చాడని చెప్పే తలుపులు, నేల ఊడ్చే యంత్రాలు, కింద పడిన మనిషిని గుర్తించే రాడార్లు వాటిలో కొన్ని. వాటిని నడిపించే కృత్రిమ మేధ కూడా ఎంతో ముందుకు సాగింది. అయినా కుటుంబాలు ఆ పరికరాలను అడుగుతున్న ప్రశ్న మాత్రం పెద్దగా మారలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ రోజు బాగున్నారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఇంటిని ఎంతగా గమనించాలి, ఆ గమనించినది ఎవరి చేతిలో ఉండాలి అన్నవే ఇప్పుడు ఈ రంగంలో తేలవలసిన విషయాలు.

భారతదేశానికి ఇది దూరపు విషయమేమీ కాదు. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 14.9 కోట్ల మంది. మొత్తం జనాభాలో వీరు 10.5 శాతం. 2050 నాటికి ఈ సంఖ్య 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు పైగా చేరుతుందని అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల శాతం జాతీయ సగటు కంటే ఎక్కువ. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండగా, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ఊళ్లలో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో తల్లిదండ్రులు ఇద్దరే, కొన్నిచోట్ల ఒక్కరే మిగిలిన ఇళ్లు తెలుగువారికి కొత్త కాదు.

ఆలోచన పాతదే

కంప్యూటర్లు కంటికి కనబడకుండా పరిసరాల్లో కలిసిపోయి పనిచేయాలన్న భావనను అమెరికన్ శాస్త్రవేత్త మార్క్ వైజర్ 1991లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాసిన వ్యాసం ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఆ దశాబ్దంలోనే కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ మోజర్, పాత బడి భవనాన్ని మార్చి ఏర్పాటు చేసుకున్న తన సొంత ఇంటినే ప్రయోగశాలగా మలచుకున్నారు. వెలుతురు, ఉష్ణోగ్రత, శబ్దం, కదలిక, తలుపుల స్థితి వంటివాటిని గమనించే పదుల కొద్దీ సెన్సర్లను అమర్చి, నాడీజాల పద్ధతిలో పనిచేసే ఒక వ్యవస్థకు ఇంటి దీపాలను, హీటర్లను అప్పగించారు.

ఆ ఇంటికి ముందుగా రాసిపెట్టిన నియమాలు లేవు. నివాసి తిరిగే తీరును చూసి, రాబోయే క్షణాల్లో ఏ గదిలోకి వెళ్తారో అంచనా వేసి దీపం వెలిగించాలి. అంచనా తప్పితే నివాసి లేచి స్విచ్ నొక్కుతారు. ఆ నొక్కడమే వ్యవస్థకు జరిమానా. విద్యుత్ ఖర్చును, మనిషికి కలిగిన అసౌకర్యాన్ని ఒకే లెక్కలో వేసి, రెంటి మొత్తాన్ని తగ్గించడమే దాని లక్ష్యం. నేడు అమ్ముడుపోతున్న చాలా ‘స్మార్ట్’ పరికరాలు నిజానికి ఇంత పని చేయవు. ఫోనులో సమయం పెడితే ఆ సమయానికి వెలిగే బల్బును తెలివైనదనడం వ్యాపార ప్రకటనల భాష మాత్రమే.

జార్జియా టెక్ సంస్థ అట్లాంటాలో నిర్మించిన ‘అవేర్ హోమ్’ వృద్ధులు సొంత ఇంట్లోనే ఎక్కువ కాలం ఉండగలిగేలా చూడడాన్ని తన ప్రధాన లక్ష్యాల్లో ఒకటిగా ఎంచుకుంది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డయాన్ కుక్ బృందం రూపొందించిన ‘కాసస్’ ప్రాజెక్టు, కదలిక సెన్సర్లు, తలుపు సెన్సర్లు, ఒక చిన్న కంప్యూటర్‌ను ఒకే పెట్టెలో సర్ది ఏ ఇంటికైనా పంపగలిగేలా చేసింది. కెమెరాలు లేకుండానే నివాసి ఎప్పుడు వండుకుంటున్నారో, ఎప్పుడు నిద్రపోతున్నారో ఇలాంటి సెన్సర్లతో చెప్పవచ్చని ఆ పరిశోధనలు చూపించాయి.

ఇంటికి ఎలా తెలుస్తుంది?

విజయవాడలో ఒక రెండు పడకగదుల ఫ్లాటును ఊహించుకుందాం. అందులో డెబ్బై ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని ఒంటరిగా ఉంటున్నారు. పడకగదిలో, వంటింట్లో, స్నానాలగది బయట కదలికను గుర్తించే సెన్సర్లు ఉన్నాయి. వీధి తలుపుకు, ఫ్రిజ్ తలుపుకు చిన్న అయస్కాంత సెన్సర్లు ఉన్నాయి. ఉదయం ఐదున్నరకు పడకగదిలో కదలిక, తర్వాత స్నానాలగది, పాల ప్యాకెట్ కోసం వీధి తలుపు, ఆ తర్వాత వంటిల్లు. విడివిడిగా చూస్తే ఇవి ‘ఉంది’, ‘లేదు’ అని చెప్పే సంకేతాలే. రెండు మూడు వారాల సంకేతాలను వరుసలో పేర్చి చూస్తే ఆ ఇంటి దినచర్య బయటపడుతుంది. ఏ సంకేతం తర్వాత ఏది, ఎంత సేపటికి వస్తుందన్న సంభావ్యతలను యంత్రం నేర్చుకుంటుంది. ఒకరోజు ఏడున్నర అయినా పడకగది దాటి కదలిక లేకపోతే, అది మామూలు తేడానా, ఆందోళన పడవలసిన తేడానా అని లెక్కగడుతుంది.

తేడా అంటే ఎప్పుడూ ప్రమాదమే కానక్కరలేదు. రాత్రిపూట స్నానాలగదికి వెళ్లడం కొన్ని రోజులుగా పెరిగితే మూత్రనాళ ఇన్ఫెక్షనో, అదుపు తప్పిన మధుమేహమో కారణం కావచ్చు. ఒక గది నుంచి మరో గదికి చేరడానికి పట్టే సమయం నెల నెలా పెరుగుతుంటే నడక మందగిస్తోందని అర్థం. ఎంఐటీకి చెందిన దీనా కతాబీ బృందం మనిషి ఒంటికి ఏదీ తగిలించకుండా, గదిలోని రేడియో తరంగాల ప్రతిఫలనం నుంచి నిద్రలోని ఊపిరి తీరును పట్టుకుని, దాని ఆధారంగా పార్కిన్సన్స్ వ్యాధిని గుర్తించే నమూనాను 2022లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో ప్రచురించింది. ఇలాంటివి రోగ నిర్ధారణకు ప్రత్యామ్నాయాలు కావు. వైద్యుని దగ్గరకు త్వరగా వెళ్లడానికి కారణం చూపించే సూచనలు.

చిక్కు ఎక్కడంటే, యంత్రం నేర్చుకునేది తాను చూసిన జీవితాన్నే. తొలి పరిశోధనల సమాచారంలో పెద్ద భాగం అమెరికా, ఐరోపాల్లో ఒక్కరే నివసించే ఇళ్ల నుంచి వచ్చింది. తెలుగింటి లెక్క వేరు. ఉదయం పనిమనిషి వస్తుంది, మధ్యాహ్నం పక్కింటి ఆవిడ వచ్చి గంటసేపు కూర్చుంటుంది. కదలిక సెన్సర్‌కు ఎవరు తిరుగుతున్నారో తెలియదు. ఇంటావిడ మంచం మీద జ్వరంతో పడుకుని ఉన్నా, పనిమనిషి వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఇల్లు ‘అంతా మామూలే’ అని చెప్పవచ్చు. ఏకాదశి ఉపవాసం రోజున వంటిల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. కార్తీక మాసం మొదలయ్యాక తెల్లవారుజామున నాలుగింటికే స్నానం, తులసికోట దగ్గర దీపం. మొన్నటి వరకు ఐదున్నరకు లేచిన మనిషి ఇప్పుడు చీకటితో తిరుగుతుంటే యంత్రం దాన్ని నిద్రలేమిగా చదువుతుంది. పంచాంగం తెలియని ఇల్లు ఏటా అదే పొరపాటు చేస్తుంది. ‘ఇది మామూలే’ అని నివాసి స్వయంగా సులువుగా చెప్పగలిగే వీలు ఉన్నప్పుడే ఈ తప్పు సర్దుకుంటుంది. మోజర్ ఇంట్లో గోడ మీది స్విచ్ చేసిన పని అదే.

పడిపోయినప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6.84 లక్షల మంది కిందపడి మరణిస్తున్నారు. అరవై దాటినవారిలో ఈ మరణాలు అత్యధికం. దెబ్బతో పాటు, లేవలేక నేల మీద ఎంతసేపు ఉండిపోయారన్నది కూడా కీలకం. గంటల తరబడి కదలకుండా పడి ఉంటే శరీరంలో నీటిశాతం తగ్గడం, చర్మంపై ఒత్తిడి పుండ్లు, కండరాలు దెబ్బతిని మూత్రపిండాలపై భారం పడడం వంటివి జరుగుతాయి. అందుకే పడిన విషయం వెంటనే తెలియడం ప్రాణాధారం.

2018లో వచ్చిన ఆపిల్ వాచ్ నాలుగో శ్రేణి, ధరించిన వ్యక్తి గట్టిగా పడినప్పుడు గుర్తించి, దాదాపు నిమిషం పాటు కదలిక లేకపోతే అత్యవసర నంబరుకు తనంతట తానే ఫోన్ చేసే సదుపాయంతో వచ్చింది. చేతి గడియారంతో ఉన్న చిక్కు దాన్ని చేతికి పెట్టుకుని ఉండాలన్నదే. స్నానానికి వెళ్లేటప్పుడు చాలామంది తీసి బల్ల మీద పెడతారు. తడి నేల మీద జారే అవకాశం ఎక్కువగా ఉండేది అక్కడే. కెమెరాను అక్కడ పెట్టడం ఊహించలేని విషయం. గోడకు అమర్చే మిల్లీమీటర్ తరంగ రాడార్లు ఈ ఖాళీని పూరించడానికి వచ్చాయి. అవి మనిషి రూపాన్ని చిత్రంగా తీయవు. శరీరం నుంచి తిరిగివచ్చే తరంగాల్లోని మార్పును బట్టి నిలబడిన బిందువుల గుంపు హఠాత్తుగా నేలకు చేరిందని గ్రహిస్తాయి. పక్షవాతంతో నెమ్మదిగా గోడకు జారిపోయినవారిని గుర్తించడం మాత్రం వాటికీ కష్టమే.

ఈ సందర్భంలో చిన్న లెక్క ఒకటి చెప్పుకోవాలి. ఒక వ్యవస్థ గంటకోసారి ‘అంతా సవ్యమేనా’ అని తేల్చుకుంటుందనుకుందాం. నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగానే చెబుతుందనుకుందాం. వినడానికి ఇది గొప్ప కచ్చితత్వం. అయితే రోజుకు 24 సార్లు చూసే వ్యవస్థ నూటికి ఒక్కసారి తప్పినా, సగటున నాలుగు రోజులకు ఒక తప్పుడు హెచ్చరిక వస్తుంది. ఏడాదికి సుమారు 88. నిజంగా పడిపోవడం ఏడాదిలో ఒకసారి జరుగుతుందో, జరగదో. మూడు నెలలు తిరిగేసరికి కుటుంబ సభ్యులు ఆ మోతను పట్టించుకోవడం మానేస్తారు. అందువల్ల పరికరం కొనేవారు కచ్చితత్వపు శాతం కంటే ముందు, నెలకు ఎన్ని తప్పుడు హెచ్చరికలు వస్తాయని అడగడం మేలు.

దీపం పెట్టమంటే

మాటతో నడిచే సహాయకులు కీళ్లనొప్పులు, చూపు మందగింపు ఉన్నవారికి నిజంగా ఉపకరిస్తాయి. అమెజాన్ ఎకో 2014లో అమెరికాలోనూ, 2017లో భారత్‌లోనూ వచ్చింది. అలెక్సా 2019లో హిందీ నేర్చుకుంది. గూగుల్ అసిస్టెంట్ ఫోన్లలో తెలుగును కూడా అర్థం చేసుకునే స్థితికి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’, ఐఐటీ మద్రాసులోని ‘ఏఐ4భారత్’ వంటి కార్యక్రమాలు భారతీయ భాషల మాటలను గుర్తించే నమూనాలను రూపొందిస్తున్నాయి.

అయినా తెలుగు మాట ఒకటే కాదు. కోస్తాలో లైటు ‘తీసెయ్’ అంటే, తెలంగాణలో ‘బంద్ చెయ్’ అంటారు, మరొకరు ‘ఆర్పెయ్’ అంటారు. ఫ్యాను ‘వెయ్యాలి’, టీవీ ‘పెట్టాలి’. ‘దీపం పెట్టు’ అంటే దేవుడి గదిలోని పని, గదిలోని బల్బుకు సంబంధం లేదు. వీటికి తోడు పళ్లు లేని నోటి ఉచ్చారణ, పక్షవాతం తర్వాత ముద్దగా వచ్చే మాట. సాయం ఎవరికి అత్యవసరమో వారి మాటలే యంత్రానికి అందరికంటే తక్కువగా అర్థమవుతాయి. పెద్ద భాషా నమూనాలు వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. ‘ఉక్కపోస్తోంది’ అంటే ఫ్యాను వేగం పెంచాలని అవి ఊహించగలవు.

ఆ ఊహాశక్తితో పాటు కొత్త ప్రమాదం కూడా వచ్చింది. ఇజ్రాయెల్ పరిశోధకులు 2025 ఆగస్టులో ఒక ప్రయోగాన్ని బయటపెట్టారు. గూగుల్ క్యాలెండర్ ఆహ్వానంలో రహస్య సూచనలు దాచి పంపారు. ఇంటి యజమాని తన వారపు కార్యక్రమాలు చెప్పమని జెమినై సహాయకుణ్ని అడిగినప్పుడు, అది ఆ సూచనలను కూడా చదివి, టెల్ అవీవ్‌లోని ఒక ఫ్లాటులో దీపాలు ఆర్పింది, కిటికీ షట్టర్లు తెరిచింది. పరిశోధకులు ముందుగానే తెలియజేయడంతో గూగుల్ రక్షణ చర్యలు తీసుకుంది. చదివే ప్రతి వాక్యాన్నీ ఆదేశంగా పొరబడే అవకాశం ఉన్న సహాయకుడికి గ్యాస్ కవాటాన్నో, వీధి తాళాన్నో అప్పగించే ముందు ఆలోచించుకోవాలి. అన్నట్టు, గ్యాస్ లీకును పసిగట్టే పరికరంలో కృత్రిమ మేధ అవసరమే లేదు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది కాబట్టి ఆ పరికరాన్ని నేలకు దగ్గరగా అమర్చడమే అక్కడ ముఖ్యం.

ఎవరు చూస్తున్నారు?

పిల్లలు ఊరి నుంచి వెళ్లే ముందు హాలులో ఒక కెమెరా బిగించి వెళ్లడం ఇప్పుడు మామూలైంది. తల్లిదండ్రులు సరేనంటారు. ఆ తర్వాత హాలులో నడుం వాల్చడానికి మొహమాటపడతారు, ఇద్దరూ ఏదైనా మాట్లాడుకోవాలంటే పడకగదిలోకి వెళ్తారు. ఆ దృశ్యాలు కుటుంబం దాటి వెళ్లవన్న హామీ కూడా లేదు. ఇంటి కెమెరాల సంస్థ రింగ్ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు వినియోగదారుల ప్రైవేటు వీడియోలు చూసే వీలు కల్పించిందన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో చర్య చేపట్టింది. 58 లక్షల డాలర్ల చెల్లింపుతో ఆ కేసు పరిష్కారమైంది. 2016లో ‘మిరాయి’ అనే హానికర ప్రోగ్రామ్ తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చని లక్షల కెమెరాలు, రౌటర్లను వశపరచుకుని పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. భారత్‌లో ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే సీసీటీవీ కెమెరాలు భద్రతా పరీక్షల్లో నెగ్గాకే విక్రయించాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. ఆ తర్వాత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సమాచారం సేకరించే సంస్థ ఏమి తీసుకుంటున్నదో, దేనికో స్పష్టంగా చెప్పి సమ్మతి పొందాలని ఈ చట్టం ఆదేశిస్తుంది. అయితే వ్యక్తులు సొంత లేదా గృహ అవసరాల కోసం చేసే సమాచార వినియోగానికి ఇది వర్తించదు. అంటే కంపెనీ నుంచి తల్లికి ఈ చట్టం రక్షణ ఇస్తుంది కానీ, కొడుకు ఫోనులో ఆమె రోజంతా కనబడుతుండడం దాని పరిధిలోకి రాదు. ఆ సమ్మతి ఇంట్లోవాళ్లే మాట్లాడుకుని తేల్చుకోవలసినది. ఏ గదిలో ఏ పరికరం, దాన్ని ఎవరు చూస్తారు, వద్దనుకుంటే ఆపే స్విచ్ ఎక్కడ ఉంది అన్నవి ఆ ఇంట్లో నివసించేవారికి తెలిసి ఉండాలి. మతిమరుపు వ్యాధి తొలిదశలో ఉన్నవారితో ఈ సంభాషణను వాయిదా వేయకూడదు. తర్వాత అడిగినా జవాబు చెప్పగల స్థితి ఉండకపోవచ్చు.

కరెంటు పోతే, కంపెనీ పోతే

చాలా అపార్ట్‌మెంట్లలో ఇన్వర్టర్ లైను రెండు ఫ్యాన్లకు, నాలుగు లైట్లకే ఉంటుంది. రౌటర్ దాని మీద లేకపోతే, తుపాను రాత్రి కరెంటు పోగానే ఇల్లు మూగబోతుంది. నిర్ణయాలన్నీ దూరపు సర్వర్లలో జరిగే పరికరాల పరిస్థితి మరీ సున్నితం. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ సేవల్లో అంతరాయం కలిగినప్పుడు అలెక్సా, రింగ్ పరికరాలు ఎంతోమందికి పనిచేయలేదు. అంతకుముందు 2016లో, గూగుల్ సోదర సంస్థ నెస్ట్ తాను కొనుగోలు చేసిన ‘రివాల్వ్’ సంస్థ సర్వర్లను ఆపేయడంతో, ఆ పరికరం కొన్నవారి చేతిలో ఉత్త ప్లాస్టిక్ పెట్టె మిగిలింది. వేర్వేరు సంస్థల పరికరాలు ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే పరస్పరం మాట్లాడుకునేలా 2022లో వచ్చిన ‘మ్యాటర్’ ప్రమాణం ఈ ఆధారపడడాన్ని కొంత తగ్గిస్తుంది. పెద్దవారి భద్రత కోసం కొనే పరికరం ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందా, లేదా అన్నది ధరకంటే ముందు చూడవలసిన విషయం.

హెచ్చరిక చేరాక

తెల్లవారుజామున రెండు గంటలకు గుంటూరులో తండ్రి పడిపోయాడని కాలిఫోర్నియాలోని కూతురి ఫోను మోగుతుంది. అక్కడ అప్పటికి ముందురోజు మధ్యాహ్నం. ఆమె మేలుకునే ఉంటుంది, వెంటనే చూస్తుంది. కానీ 108 వంటి చిన్న నంబర్లు విదేశాల నుంచి కలవవు. 2005లో హైదరాబాద్‌లో మొదలై దేశమంతా విస్తరించిన ఆ అంబులెన్స్ సేవను స్థానికంగా ఎవరో ఒకరు పిలవాలి. వృద్ధుల సలహా, సహాయాల కోసం ఏర్పాటైన జాతీయ హెల్ప్‌లైన్ 14567 అర్ధరాత్రి అత్యవసరాలకు ఉద్దేశించినది కాదు. అందువల్ల హెచ్చరిక వెళ్లవలసిన మొదటి ఫోను విదేశంలోని సంతానానిది కాక, పది నిమిషాల్లో ఆ ఇంటికి చేరగల వ్యక్తిది కావాలి. ఎదురింటివారు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అదే ఊళ్లోని మేనల్లుడు, ఎవరైనా సరే. వారి నంబర్లు కనీసం రెండు, సాధారణ ఫోను కాల్ రూపంలో మోగేలా వ్యవస్థలో నమోదై ఉండాలి. లోపలి నుంచి గడియ వేసి ఉంటే తెరిచే మార్గం ముందే ఆలోచించి, రెండో తాళంచెవి ఆ వ్యక్తి దగ్గర ఉంచాలి. వాడుతున్న మందుల జాబితా, ఆసుపత్రి పేరు ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంటే అంబులెన్స్ సిబ్బందికి వెతుకులాట తప్పుతుంది.